విని వేసిన ఓటు

అమలాపురంలో గడియార స్తంభం దాటి ఒక సందులోకి తిరిగితే, చివరింటి మేడ మీద గదిలో ఎప్పుడూ ఏదో ఒక ఫోను మోగుతూనే ఉంటుంది. కిటికీ పక్కన చెక్క అర మీద పాత మీటల ఫోన్లు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కో ఫోను వీపున ఒక తెల్లటి ప్లాస్టరు ముక్క, దాని మీద ఒక పేరు. అన్ని ఫోన్లున్న ఆ గదిలో మనిషి మాత్రం ఒక్కతే. ఆవిడ పేరు రాజ్యం. ఆ ఫోన్లలో ఏది మోగినా రాజ్యం కోసం కాదు.

ఇందులో వింతేమీ లేదు. మన వైపు నుంచి గల్ఫుకి వెళ్లేవాళ్లకి బ్యాంకువాడు రహస్య నంబరు పంపాలంటే ఇక్కడి సిమ్ముకే పంపుతాడు. అక్కడికి పట్టుకెళితే అది పలికితే పలుకుతుంది, లేకపోతే లేదు. అందుకని విమానం ఎక్కేముందు ఆ సిమ్ముని నమ్మకమైన చేతిలో పెట్టి వెళతారు. తమ్ముడికిస్తే వాడు ఆటలాడి పాడు చేస్తాడు, బావమరిదికిస్తే ఏకంగా ఖాతాకే కన్నం పెడతాడు. రాజ్యం పద్నాలుగేళ్లు కువైట్‌లో ఇళ్లల్లో పని చేసి వచ్చింది. ఆ తిప్పలు తెలిసిన మనిషి కనక ముందు ఒకరిది పెట్టుకుంది. వాళ్లు ఇంకొకరికి చెప్పారు, ఆ ఇంకొకరు మరొకరికి చెప్పారు. ఇప్పుడు చీరలకి ఫాల్స్ కుట్టుకోవడం ఒక పని, ఈ ఫోన్లకి ఛార్జింగు పెట్టుకోవడం ఇంకో పని.

"అక్కా, ఓటీపీ వచ్చిందా?" అని దోహా నుంచో మస్కట్ నుంచో ఒక గొంతు అడుగుతుంది. రాజ్యం అంకెలు చదువుతుంది. "సరే అక్కా" అని పెట్టేస్తారు. తిన్నావా అని అడిగేవాడు లేడు. వాళ్ల తప్పేమీ లేదు పాపం, ఆ నంబరు కాసేపట్లో చెల్లకుండా పోతుంది, వాళ్ల తొందర వాళ్లది. రోజులో ఎవరో ఒకరి గొంతు చెవిన పడుతోంది కదా, అది చాలులే అనుకునేది రాజ్యం. నిజానికి చాలేది కాదు.

ఈవిడకి ఒక కూతురుందని ఆ సందులో ఎవరికీ తెలీదు. తెలిస్తే సందంతా ఆవిడ గుమ్మంలోనే ఉండేది. ఎందుకంటే ఆ కూతురి మొహం గడియార స్తంభం దగ్గర మేడంత ఫ్లెక్సీ మీద నవ్వుతోంది. "మన కోనసీమ ఆణిముత్యం పద్మశ్రీని గెలిపిద్దాం" అని దాని మీద రాసి ఉంది. టీవీలో జరుగుతున్న పాటల పోటీలో ఆఖరి ఇద్దరిలో ఒకతె పద్మశ్రీ.

రాజ్యం భర్త ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువుల్లో పని చేసేవాడు. పిల్లకి రెండేళ్లప్పుడు చెరువు గట్టున కరెంటు కొట్టి పోయాడు. పిల్లని ఆడపడుచు పెద్దింట్లమ్మ చేతిలో పెట్టి రాజ్యం కువైట్ వెళ్లింది. తిరిగి వచ్చేసరికి పిల్ల తనంత ఎత్తయింది. అమ్మా అని పిలిచేది గాని, పండక్కొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు పిలిచేది. ఆకలేస్తే అత్తనడిగేది, జడ వేయించుకోవడానికి అత్త ముందు కూర్చునేది. రాజ్యం కొన్నాళ్లు చూసింది. ఆ ఇంట్లో తను ఎక్కడ నిలబడ్డా ఎవరికో ఒకరికి అడ్డం వస్తున్నట్టే ఉండేది. చివరికి అమలాపురంలో గది తీసుకుంది. దూరమేమీ కాదు, బస్సెక్కితే దిగడమే. అయినా ఆ బస్సు ఎక్కడానికి రాజ్యానికి ప్రతిసారీ ఏదో ఒక సాకు కావాల్సి వచ్చేది.

ఇక ఫొటో సంగతి చెప్పాలి. పోయినాయనకి విడిగా ఫొటో లేదు. పెళ్లైన కొత్తలో అంతర్వేది తీర్థంలో ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఒక్కటే ఉంది. పెద్దింట్లమ్మ దాన్నే పెద్దది చేయించి, గోడకి కొట్టి, గంధపు చెక్క దండ వేసింది. కువైట్ నుంచి వచ్చిన రోజున రాజ్యం ఆ గోడ చూసి నవ్వేసింది కూడా.

"నాక్కూడా వేసేశావేంటి వదినా?"

"ఆడికొక్కడికీ ఎలా వెయ్యనే? ఫ్రేము ఒకటే కదా" అంది పెద్దింట్లమ్మ.

ఆ రోజే కుర్చీ వేసుకుని ఆ దండ తీసేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. తియ్యలేదు. వచ్చిన రోజునే గోడ మీద చెయ్యి వేస్తే ఏం బావుంటుందని ఊరుకుంది.

మొన్న టీవీవాళ్లు పద్మశ్రీ ఇల్లు చూపించడానికి కెమెరాతో దిగారు. గోడ మీద దండ చూశారు, దండ కింద ఇద్దరిని చూశారు. ఇంకేం కావాలి వాళ్లకి! "పసితనంలోనే తల్లిని, తండ్రిని కోల్పోయిన కోయిల" అని వెనక ఫ్లూటు పెట్టి మరీ చెప్పారు. న్యాయనిర్ణేతలు కళ్లు తుడుచుకున్నారు. యాంకరమ్మ స్టేజి దిగి వచ్చి పిల్లని కావలించుకుంది. అంతవరకు పడుతూ లేస్తూ ఉన్న పద్మశ్రీ ఆ వారం ఓట్లలో అందరికంటే పైకి వెళ్లిపోయింది. ఎన్ని ఓట్లతో అంటే ఏమో, అవి ఎవరికీ చెప్పరు. పైకి వెళ్లిందన్నారు, వెళ్లిందనుకోవాలి.

ఆ కార్యక్రమం రాజ్యం తన గదిలో కూర్చుని, చేతిలో చీర పెట్టుకుని చూసింది. సూది వేలికి గుచ్చుకున్న సంగతి చీరకి రక్తం అంటుకున్నాక గాని తెలీలేదు.

మర్నాడు రాజ్యం సొంత ఫోను మోగింది.

"అమ్మా, నేను చెప్పలేదమ్మా. వాళ్లే వేసేసేరు" అంది పద్మశ్రీ. గొంతు బొంగురుపోయి ఉంది. "ఇప్పుడు కాదంటే నేను అబద్ధం ఆడేనంటారు. అత్త కూడా ఊరుకోమంది. ఊళ్లో కూడా ఎవరూ మాట్లాడట్లేదు. నువ్వు కూడా ఎవరితోనూ అనకమ్మా. ఫైనల్లో గెలిస్తే మైకు నా చేతికిస్తారు. అప్పటికి ఓటింగు అయిపోతుంది కదా. మా అమ్మ ఉందని అప్పుడు నేనే చెబుతాను. ఒట్టు."

"సరేలేమ్మా. గొంతు జాగ్రత్త. మిరియాల పాలు తాగు."

"అత్త ఇస్తోంది."

ఫోను పెట్టేశాక ఒట్టు అన్న మాటొకటి చేతిలో మిగిలింది. గెలిస్తే చెబుతుంది. గెలవాలి. ఆ రోజు నుంచి రాజ్యానికి అన్నం తిన్నా అదే ధ్యాస, చీర కుట్టినా అదే ధ్యాస.

అవతలి పోటీదారు సూర్యతేజ అనే కుర్రాడు. బాగా పాడతాడు. వాడి దురదృష్టం ఏమిటంటే అమ్మా నాన్నా ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఉండే ఇంటికి లిఫ్టుంది. ఏడిపించడానికి ఏమీ దొరక్క టీవీవాళ్లు వాడి చేత కుక్కపిల్లని ఎత్తించి చూపించారు. కుక్కపిల్లకి ఎంతమంది ఓటేస్తారు?

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ ఆఖరి పాటలు పాడారు. ఓటు వెయ్యడానికి శనివారం సాయంత్రం దాకా గడువు, ఫలితం ఆదివారం. ఒక ఫోను నంబరుకి ఒక ఓటు, నచ్చినవాళ్ల నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే చాలు. శనివారం పొద్దున్నే దొరబాబు మెట్లెక్కి వచ్చాడు. సెంటర్లో సెల్ ఫోన్ల షాపు అతనిదే, ఆ ఫ్లెక్సీ కట్టించిందీ అతనే.

"రాజ్యంగారూ, మీ దగ్గర గల్ఫువాళ్ల ఫోన్లు బోలెడున్నాయంట కదండీ. ఓసారి ఇటిచ్చేరంటే మా కుర్రోళ్లు టకటకా నొక్కేసి తెచ్చేస్తారండి."

"నమ్మి ఇచ్చిన వస్తువులండి. వాళ్లనడక్కుండా ఎలాగండి?"

"అడగడమేంటండీ బాబూ, ఓటే కదా! బ్యాంకులో డబ్బు తీస్తున్నామా? షాపులో కొత్త సిమ్ములన్నీ నిన్నట్నుంచీ నొక్కిస్తూనే ఉన్నానండి. అవతలోళ్లు ఊరుకుంటారా, వాళ్లకి అపార్టుమెంట్లకి అపార్టుమెంట్లే ఉన్నాయి. తల్లి లేని పిల్లండీ. మనం కాకపోతే ఎవరేస్తారు?"

రాజ్యం అతని మొహంలోకి చూసింది. మంచివాడే. ఆ పిల్ల మీద నిజంగానే జాలిపడుతున్నాడు. ఆ జాలి తనని తొక్కుకుంటూ వెళుతోందని అతనికేం తెలుసు?

"ఒక్కొక్కళ్లనీ అడిగి నేనే నొక్కుతానండి" అంది.

"ఆయ్, అలాగే కానివ్వండి. సాయంత్రంలోపు మాత్రం మర్చిపోకండేం" అని దిగి వెళ్లాడు.

అంతవరకు వాళ్లు ఫోను చేస్తే తను ఎత్తడమే గాని, తనంతట తాను వాళ్లకి చేసిన పాపాన పోలేదు. ఆ రోజు మొదటిసారి చేసింది. ఎత్తగానే అందరికీ కంగారే. "ఏమైందక్కా? బ్యాంకు నుంచి ఏమైనా వచ్చిందా?" అన్నవాళ్లే ఎక్కువ. సంగతి చెబితే "ఓస్, అదా! ఎవరికో ఒకరికి నొక్కెయ్యక్కా" అని పెట్టేశారు. ఎవరు పాడారని గాని, ఏం పాడారని గాని ఒక్కరూ అడగలేదు.

కతార్లో ఉన్న హేమంత్ మాత్రం కాస్త నిలబడ్డాడు. "పద్మశ్రీకేగా? నొక్కెయ్యండక్కా. వీడియో చూసేను. అమ్మ లేదంట కదా పాపం."

"ఆయ్" అంది రాజ్యం. "లేదంట."

ఆ మాట తన నోటితో అన్నాక కాసేపు కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. సందులో ఎవరో కొబ్బరికాయల లోడు ఆటో వెనక్కి తిప్పుకుంటున్నారు. ఎండ మామూలుగానే కాస్తోంది.

ఒక్కో అనుమతీ దొరికిన కొద్దీ ఒక్కో ఫోను తీసి పద్మశ్రీకి నొక్కింది. అటు ఒక్కసారి మోగి అదే ఆగిపోతుంది. వెంటనే "మీ ఓటు అందింది, ధన్యవాదాలు" అని సందేశం. మధ్యాహ్నానికి అర మీది ఫోన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి కీచుమంటూ ధన్యవాదాలు చెప్పాయి. తన సొంత ఫోను నుంచి ఓటు పొద్దున్నే పడిపోయింది. దానికి ఎవర్నీ అడగలేదు, పాట ఎలా ఉందని కూడా ఆలోచించలేదు. తల్లి కదా.

చివరికి సాలమోను ఫోను మిగిలింది. సాలమోనుది ఐ.పోలవరం. రాజ్యం అతన్ని చూసింది ఒక్కసారే, సిమ్ము ఇవ్వడానికి వచ్చినప్పుడు. సౌదీలో ఎక్కడో ఎడారి మధ్య నీళ్ల పంపుల దగ్గర కాపలా పని. చుట్టుపక్కల మనిషి కనిపించడని ఎప్పుడో అన్నాడు.

"పాటల పోటీయాండి?" అన్నాడు. "మా గదిలో టీవీ లేదండి. నేను విన్లేదు."

"పర్లేదండి. ఎవరికి నొక్కమంటారో చెప్పండి చాలు."

"వినకుండా ఎలా చెబుతానండి?" అతనికి నిజంగానే ఆశ్చర్యంగా ఉంది. "చర్చిలో పాటలు పాడే క్వయరుకి పిల్లల్ని ఎంచేవాణ్ణండి నేను. విని ఎంచడం అలవాటు. వినిపించండి, చెబుతాను. ఇక్కడ నాకేం పనుందండి, ఆ పంపు తిరగడం చూడ్డమే."

టీవీలో అప్పుడే నిన్నటి కార్యక్రమం మళ్లీ వేస్తున్నారు. రాజ్యం సౌండు పెంచి, స్టూలు లాక్కుని, ఫోను టీవీకి దగ్గరగా పట్టుకుని కూర్చుంది. ముందు సూర్యతేజ పాడాడు. గొంతులో తడబాటు లేదు, తొందర లేదు, పాట ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. తర్వాత పద్మశ్రీ వచ్చింది. పాటకి ముందు ఆ పిల్ల వెనకాల తెర మీద మళ్లీ ఆ ఫొటో వేశారు, మళ్లీ ఫ్లూటు. రాజ్యం రెండో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పల్లవి బాగానే ఎత్తుకుంది. చరణంలోకి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది, శృతి జారింది. జారినచోట జనం చప్పట్లు కొట్టారు. నిన్న ఇవేవీ రాజ్యానికి వినబడలేదు. నిన్న కూతుర్ని చూసింది. ఇవాళ పక్కన ఇంకో మనిషి వింటున్నాడు కనక పాట వినబడింది.

పాట అయిపోయింది. అటు నుంచి గాలి హోరు తప్ప ఏమీ లేదు. లైను తెగిందేమో అనుకుంది.

"ఆ కుర్రాడండి" అన్నాడు సాలమోను. "అమ్మాయిది బంగారంలాంటి గొంతండి, అందులో మాటే లేదు. కానీ చరణంలో ఏడుపొచ్చేసి పాట వదిలేసింది. ఎందుకేడ్చిందండి ఆ పిల్ల?"

మాట రాజ్యం నోటి దాకా వచ్చింది. తల్లి లేదండి ఆ పిల్లకి అంటే చాలు, ఓటు ఇటు పడుతుంది. తల్లిని నేనేనండి అన్నా ఇటే పడుతుంది. నిజం చెప్పినా అబద్ధం చెప్పినా పడే ఓటే అది. గెలిస్తేనే కదా చెబుతానంది. ఈ ఒక్క ఓటుతోనే ఓడిపోతే? కానీ ఇంతమందిలో ఈయనొక్కడే పాట అడిగాడు. ఈయనకి కూడా ఫ్లూటు ఊదనా?

"ఏమోనండి" అంది.

"అయితే కుర్రాడికే వెయ్యండి."

"ఆయ్. అలాగేనండి."

సాలమోను ఫోను చేతిలోకి తీసుకుంది. ఆ ఫోన్లో ఏ నంబరు నొక్కిందీ సౌదీలో మనిషికి ఎలా తెలుస్తుంది? ఎవరికీ తెలీదు. రాజ్యం చాలాసేపు ఆ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత సూర్యతేజ నంబరు నొక్కింది. ధన్యవాదాలు వచ్చాయి. ఆ ఫోను అర మీద మిగిలినవాటి పక్కన పెడుతుంటే కూతురికి అన్యాయం చేశానని ఏడుపొచ్చింది, చేసిన పని తప్పని మాత్రం అనిపించలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆవిడకే అర్థం కాలేదు.

ఆదివారం రాజ్యం గది కడిగింది. కింద రూతుగారింట్లో అడిగి రెండు కుర్చీలు పైకి తెచ్చి వేసింది. సాయంత్రానికి సంగతి తెలిసి సందంతా వస్తుంది కదా, వచ్చినవాళ్లు కూర్చోవాలి. పూతరేకులు తెప్పించి డబ్బాలో పెట్టింది. కువైట్‌లో తను పని చేసిన ఇంటావిడ తను తిరిగొచ్చేటప్పుడు పెట్టిన నీలం చీర, ఒక్కసారి కూడా కట్టనిది, తీసి కట్టుకుంది.

"ఏంటండీ రాజ్యంగారూ, పెళ్లికి గాని వెళ్తున్నారా?" అంది రూతు మెట్ల దగ్గర.

"ఊరికేనండి" అని నవ్వింది రాజ్యం. ఇంకో రెండు గంటల్లో నీకే తెలుస్తుందిలే అనుకుంది లోపల.

గడియార స్తంభం దగ్గర దొరబాబు పెద్ద తెర పెట్టించాడు. ఇసకేస్తే రాలనంత జనం. రాజ్యం రూతు పక్కనే నిలబడింది. లైట్లు ఆర్పి, వెలిగించి, మధ్యలో సబ్బుల ప్రకటనలు వేసి, జనం ప్రాణాలు తోడి తోడి చివరికి పేరు చెప్పారు. పద్మశ్రీ!

సెంటరంతా ఎగిరింది. బాణాసంచా పేలింది. ఎవరెవరో రాజ్యాన్ని కావలించుకున్నారు, కావలించుకుని వదిలేసి పక్కవాళ్లని కావలించుకున్నారు. రాజ్యం కళ్లు తెర మీదే ఉన్నాయి. యాంకరమ్మ మైకు పద్మశ్రీ చేతిలో పెట్టింది.

"చెప్పు పద్మశ్రీ. ఈ క్షణాన ఎవర్ని తల్చుకుంటున్నావు?"

ఆ మాటకి తగ్గట్టు వెనకాల ఫొటో వేశారు. మేడంత ఫొటో. అంతర్వేది తీర్థంలో భర్త పక్కన బిగుసుకుని నిలబడ్డ ఇరవయ్యేళ్ల రాజ్యం, మెళ్లో గంధపు దండ. దాని కింద, జనంలో, నీలం చీరలో రాజ్యం. ఒక్కరూ అటు చూసి ఇటు తిరగలేదు.

పద్మశ్రీ వెనక్కి తిరిగి ఫొటో చూసింది. ముందుకి తిరిగింది. రాజ్యం తనకి తెలీకుండానే చెయ్యి కొంచెం పైకెత్తింది, బడిలో పేరు పిలిస్తే ఎత్తినట్టు.

"మా అమ్మా నాన్నా..." అంది పద్మశ్రీ. "పైనుంచి చూస్తున్నారు. ఈ కప్పు వాళ్లదే."

జనం గొల్లుమన్నారు. రూతు కొంగుతో కళ్లొత్తుకుంటూ, "చూస్తూనే ఉంటుందండీ ఆ తల్లి. ఎంత పుణ్యాత్మురాలో, ఈ రోజు చూడ్డానికి లేకుండా పోయింది" అంది.

రాజ్యం చెయ్యి దించుకుంది. "ఆయ్" అంది.

గదికొచ్చి నీలం చీర మార్చుకోకుండానే కుర్చీలో కూర్చుంది. రెండో కుర్చీ ఎదురుగా ఖాళీగా ఉంది. సొంత ఫోను ఒళ్లో పెట్టుకుంది. పిల్ల చేస్తుంది, చెప్పలేకపోయానని ఏదో ఒకటి అంటుంది, ఆ మాత్రం చాలు అనుకుంది. బయట బాణాసంచా అయిపోయింది. ఫోను మోగలేదు. పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రెండేళ్ల పిల్లని దింపేసి విమానం ఎక్కిన రోజు గుర్తొచ్చి, కోపం కుదరలేదు.

అప్పుడు ఫోను మోగింది. గబుక్కున ఎత్తింది.

"రాజ్యంగారాండీ? సాలమోనునండి."

"చెప్పండి. ఓటీపీ ఏమీ రాలేదండి మీకు."

"ఓటీపీ కోసం కాదండి. ఎవరు గెలిచేరో కనుక్కుందామని."

ఓటీపీ కోసం కాకుండా గల్ఫు నుంచి ఆ గదికి ఫోను వచ్చిన గుర్తు రాజ్యానికి లేదు. గొంతు సవరించుకుంది. "అమ్మాయే గెలిచిందండి."

"అలాగాండి. నా ఓటు మటుకు కుర్రాడికే వేసేరు కదా?"

"వేసేనండి."

"మంచిదండి. ఓడితే ఓడేడు." అతనే మళ్లీ అన్నాడు. "నేనొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. నిన్న ఆ అమ్మాయి పాడుతున్నంతసేపూ ఫోన్లో మీ ఏడుపు వినబడిందండి. కుర్రాడు పాడినప్పుడు లేదు. ఎవరండీ ఆ అమ్మాయి?"

రాజ్యం అర మీది ఫోన్ల వంక చూసింది. ఒక్కోటీ ఎవరో ఒకరి పేరుతో ఉంది.

"మా అమ్మాయండి" అంది. "నా కూతురేనండి."

"అయ్యో రాజ్యంగారూ! నిన్నే ఆ ముక్క చెప్పుంటే నా ఓటు కళ్లు మూసుకుని అమ్మాయికే వేసేవాణ్ణి కదండీ!"

"అందుకే చెప్పలేదండి."

సాలమోను ఫోను పెట్టెయ్యలేదు. రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఈసారి వినబడుతుందేమోనని చూసుకోలేదు. ఎంతసేపటికో అటు నుంచి మెల్లగా వినిపించింది.

"ఉన్నారాండీ?"

"ఆయ్" అంది రాజ్యం. "ఉన్నానండి."